కొట్టేసిన ఎత్తులు

మా ఆవిడ రోజూ మధ్యాహ్నం ఒక మగాడితో కూర్చుని చదరంగం ఆడుతోంది. ఆడటమే కాదు, పకపకా నవ్వుతోంది కూడా. ఆ నవ్వు మా ఇంట్లో విని ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. కడుపు మండదూ మరి? ఇందులో తమాషా ఏమిటంటే, ఆ మగాడు ఎవడో పరాయివాడు కాదు. నేనే.

నవ్వకండి. చెప్తాను.

నా పేరు గంగాధరం. కాకినాడలో కళ్ళజోళ్ళ షాపు మాది. గిరాకీ లేనప్పుడు కౌంటరు మీద చిన్న చెస్ బోర్డు పెట్టుకుని, టోర్నమెంట్లలో నేను ఆడిన ఆటలే మళ్ళీ వేసుకుని చూసుకుంటూ ఉంటాను. కొందరికి పేకాట, కొందరికి భజన, నాకు ఇది. ముప్ఫయ్యేళ్ళుగా ఆడుతున్నాను, ముప్ఫయ్యేళ్ళుగా చూసుకుంటున్నాను. రేటింగ్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

మొన్న రాజమండ్రిలో ఆడినవే తీసుకోండి. ఒక ఓటమి, మిగతావన్నీ డ్రాలు. షాపుకొచ్చి ఫోనులో ఇంజిన్, అదే ఎత్తుల్లో తప్పొప్పులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రాం, పెట్టి చూస్తే, ప్రతి డ్రాలోనూ నాదే పైచెయ్యి. గెలిచే ఆటలో నేనే చెయ్యి చాపి "డ్రా చేసేసుకుందామాండీ?" అని అడిగాను. ఎదుటివాడు ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఒప్పుకోడూ? నేను ఫోను బోర్లా పెట్టేసి, "దీనికేం పోయింది, దీనికి బీపీ ఉందా, షుగరుందా" అని తిట్టుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికి ఒకడు. నా మద్దెల ఎప్పుడూ ఓడే.

మా ఆవిడ కస్తూరి కూడా మంచి ఆటగత్తె. అసలు మా పెళ్ళి అలాగే అయింది. జిల్లా పోటీల్లో ఎదురుబొదురు కూర్చున్నాం. నాకప్పుడు పాతికేళ్ళు. ఏ పూనకం వచ్చిందో ఏమో, ఆట మధ్యలో మంత్రిని ఊరికే ఇచ్చేసి ఆవిడ రాజు మీద పడ్డాను. చివరికి ఓడిపోయాను, అది వేరే సంగతి. ఆవిడ మాత్రం బల్ల మీద అరచెయ్యి కొట్టి, "ఓరి నీ అసాధ్యం కూలా!" అని హాలంతా వినబడేట్టు నవ్వింది. ఆ తర్వాత నెలలోనే వాళ్ళ నాన్నగారు సంబంధం మాట్లాడ్డానికి వచ్చారు. పెళ్ళయ్యాక మా అమ్మ "మొగుణ్ణి పట్టుకుని నువ్వేంటే" అని కసిరితే, నువ్వు కాస్తా మీరైపోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆట కూడా ఆగిపోయింది.

"మీతో ఆడితే ఉప్పు లేని పప్పు తిన్నట్టుంటుందండీ" అని ఒకరోజు పావులన్నీ డబ్బాలో పోసేసింది. "ఒక పావు మార్చుకుంటారు, ఇంకో పావు మార్చుకుంటారు, డ్రా అంటారు. మీరు ఆ రోజు ఆడిన ఆటని పెళ్ళి చేసుకున్నాను. మిమ్మల్ని తర్వాత చూశాను."

సరే, అదలా ఉంచండి. ఇంక మిషను సంగతి.

మా అమ్మాయి హిమబిందు ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళకి, జబ్బు రాకముందు తాము ఎలా ఆలోచించేవాళ్ళో, దేనికి ఎలా తెగించేవాళ్ళో చూపించే మిషను తయారు చేస్తున్నారట. ముందు ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద పరీక్షించాలి. ఆ మనిషి పాత ఆలోచనలు ఎక్కడో కాగితం మీద ఉండాలి.

"నాన్నా, నీ పాత స్కోర్ షీట్లు అట్టపెట్టెలో ఉన్నాయిగా, అవి ఇస్తావా?" అంది.

చెస్ తెలియనివాళ్ళ కోసం ఒక మాట. టోర్నమెంటులో ఆడే ప్రతి ఎత్తూ ఆటగాడు కాగితం మీద రాసుకోవాలి. ఇప్పుడైతే ముందు పావు జరిపి, తర్వాత రాయాలి. మా రోజుల్లో ముందే రాసుకునేవాళ్ళం. రాసి, ఒకసారి బోర్డు వంక చూసి, బాగుందనిపిస్తే వేసేవాళ్ళం. లేకపోతే కొట్టేసి పక్కన ఇంకోటి రాసేవాళ్ళం. తొందరపాటు రాకుండా పెద్దవాళ్ళు నేర్పిన జాగ్రత్త అది. ఆ జాగ్రత్తని నేను మరీ జాగ్రత్తగా పాటించాను. నా కాగితాలు చూస్తే కోడి కెలికినట్టుంటాయి.

"ఆ కొట్టివేతలే కావాలి నాకు" అంది బిందు, ఒక కాగితాన్ని లైటుకి అడ్డం పెట్టి చూస్తూ. "మనిషి చేసిన పనుల్లో మనిషి పూర్తిగా దొరకడు నాన్నా. చెయ్యాలనుకుని మానేసినవాటిల్లో దొరుకుతాడు. నువ్వు మొదట ఏం రాశావు, పెన్ను ఎంత నొక్కావు, ఎక్కడ చెయ్యి వణికింది, అన్నీ ఇందులో ఉన్నాయి. నీ గీతలు తీసేసి, వాటి కిందున్నవాణ్ణి లేపుతాను."

నాకు ఇష్టం లేనప్పుడు ఒక్క మాట చెబితే మిషన్లోంచి వాణ్ణి తీసేస్తారు. నకలు కూడా ఉంచరు. ఒక మనిషికి ఒకటే, అది వాళ్ళ రూలు. కన్న కూతురు అడిగింది కదా అని సరేనన్నాను. నా పాడె నేనే కట్టుకున్నాను.

కొన్ని నెలలు పోయాక ఇద్దర్నీ ల్యాబుకి రమ్మంది. ఒక బల్ల, బల్ల మీద చెక్క బోర్డు. పావులు వాటంతట అవే జరుగుతాయి, బోర్డు కింద అయస్కాంతం ఉందట. పక్కన సన్నటి ఇనప చెయ్యి, దాని చివర పెన్ను. ముందు ఆ చెయ్యి కాగితం మీద ఎత్తు రాస్తుంది, తర్వాత పావు జరుగుతుంది. రాత చూసి నా ఒళ్ళు జలదరించింది. పాతికేళ్ళప్పటి నా చేతిరాత, కుడికి వాలిపోయి, తోక లాగి.

"ఎవరితో ఆడితే వాళ్ళ దగ్గర నేర్చుకుంటూ పోతాడు" అంది బిందు. "ముందు నువ్వు కూర్చో అమ్మా."

కస్తూరి మొహమాటపడుతూ కూర్చుంది. ఓ పావుగంట గడిచిందో లేదో, వాడు ఏనుగుని తీసుకెళ్ళి ఆవిడ బంటు నోటికి అందేట్టు పెట్టాడు. తినమని. "అయ్యో, తప్పు, తప్పు" అన్నాను పైకే. కస్తూరి నా వంక చూడలేదు. చీర కొంగు నడుముకి దోపుకుని ముందుకి వంగింది. కళ్ళు మెరుస్తున్నాయి. తర్వాత బల్ల మీద అరచెయ్యి కొట్టింది.

"ఓరి నీ అసాధ్యం కూలా! ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు నువ్వు?"

నేను ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను. ఇన్నాళ్ళూ.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో లెక్కలు మారిపోయాయి. పొద్దున్నే వంట ముగించేస్తుంది. నాకు షాపుకి క్యారేజీ పంపేసి, ఉతికిన చీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, భుజాన సంచీతో బస్సెక్కుతుంది. సంచీలో టీ ఫ్లాస్కు, రెండు గ్లాసులు.

"రెండెందుకు? వాడు టీ తాగుతాడా?" అన్నాను ఒకరోజు గుమ్మంలో అడ్డంగా నిలబడి.

"రెండోది బిందుకి."

"మల్లెపూలూ బిందుకేనా?"

ఆవిడ నా వంక ఎగాదిగా చూసింది. "మీమీద మీకే అసూయా? ఎవరైనా వింటే ఉమ్మేస్తారు. జరగండి, బస్సు పోతుంది."

నిజమే, ఎవరికి చెప్పుకోను? మింగలేను, కక్కలేను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇక్కడ పుల్లకూర మన పెరట్లోదే, అయినా నా విస్తట్లో పడదు. మరొకడైతే వెళ్ళి కాలరు పట్టుకునేవాణ్ణి. వీడికి కాలరూ లేదు, మొహమూ లేదు. ఉన్నదంతా నాదే. నాకున్నదాంట్లో మంచిదేదో అదంతా వాడికిచ్చి, బీపీ మాత్రలూ బట్టతలా నాకు మిగిల్చారు.

కస్తూరి ఆటల కాగితాలు ఇంటికి తెచ్చుకునేది. ఆవిడ నిద్రలేవక ముందే నేను వాటిని షాపుకి పట్టుకెళ్ళిపోయి, నా ఆటలు పక్కన పడేసి వాడి ఆటలు చూడ్డం మొదలెట్టాను. ఇంజిన్ పెట్టి ఒక్కో ఎత్తూ జల్లెడ పట్టాను. కళ్ళజోడు కోసం వచ్చిన ఒక ముసలాయన అక్షరాల బోర్డు ముందు నిలబడి, పై వరస నుంచి కింద వరస దాకా చదివేసి, మళ్ళీ పైనుంచి చదువుతున్నాడు పాపం. నేను చూడనేలేదు. నాకు దొరికేసింది. వాడు వేసినవాటిలో సగం తప్పులే!

సాయంత్రం ఇంటికొచ్చి కాగితాలు ఆవిడ ముందు పరిచాను. ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. "చూడు, ఇక్కడ గుర్రాన్నిచ్చాడు, తప్పు. ఇక్కడ రాజుని వదిలేశాడు, తప్పు. నువ్వు సరిగ్గా ఆడుంటే వాడి పని ఇక్కడే అయిపోయేది."

కస్తూరి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తకుండానే, "తెలుసు" అంది.

"తెలుసా?"

"తప్పేనండీ. అయితే ఏమిటట? వాడు నన్ను చూసి ఆడతాడు. ఇన్నేళ్ళలో మీరు బోర్డు వంక చూసినంతసేపు నా వంక చూశారా?"

ఆ చిక్కుడుకాయల కూర నాకు ఆ రాత్రి సయించలేదు.

మర్నాడు షాపు తియ్యకుండా నేరుగా ల్యాబుకి వెళ్ళాను. బిందు ఏవో వైర్లు సర్దుకుంటోంది.

"తీసెయ్యి" అన్నాను.

దానికి అర్థమైంది. "నాన్నా, వచ్చే నెల కమిటీ వాళ్ళు చూడ్డానికొస్తున్నారు. ఇది చూపిస్తేనే ఆసుపత్రుల్లో పరీక్షకి ఒప్పుకుంటారు. జ్ఞాపకం పోయిన భర్తని చూసి ఏడ్చే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా నీకు?"

"భర్త బతికుండగా ఏడిపించేదాని సంగతేంటి?"

"ఎవర్ని ఏడిపిస్తోంది? అమ్మ నవ్వుతోంది కదా."

"అదే నా ఏడుపు!" అని అరిచాను. అరిచాక సిగ్గేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. "ఒక ఆట ఆడతాను వాడితో. వాడు గెలిస్తే ఉంచుకోండి, నేనింక నోరెత్తను. నేను గెలిస్తే మాత్రం తీసెయ్యాలి. అంతే."

బిందు వైర్లు కింద పెట్టేసి, "మీ ఇష్టం. మీరే ఆడండి" అంది. నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

ఆదివారం మధ్యాహ్నం ఆట. కస్తూరి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. మల్లెపూలు లేవు. నాకు పంతం ఇంకా పెరిగింది.

తెల్లపావులు వాడివి. మొదటినుంచీ మీద పడ్డాడు. గుర్రాన్నిచ్చాడు, నా రాజు ముందున్న బంట్లు చెదరగొట్టాడు. అబద్ధమెందుకు, బెదిరిపోయాను. ఇంజిన్ ముందు కూర్చుని తప్పులు పట్టడం వేరు, ఎదురుగా కూర్చోడం వేరు. ఒకచోట చూశాను: వాడి మంత్రి అడ్డంగా వచ్చి నా ఏనుగు పక్కన వాలితే మూడో ఎత్తుకి నాకు కట్టు. ఆట ఫినిష్. వాడికది కనబడకుండా ఉండదు. నాకు పాతికేళ్ళప్పుడు అలాంటివి ఆమడ దూరం నుంచే కనబడేవి.

అప్పుడు నేను జీవితమంతా చేసిందే చేశాను. పెద్దగా నిట్టూర్చాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. "డ్రానా?" అని అడిగాను. మిషను మీద ఎర్ర దీపం వెలిగింది, వద్దని. ఒక పావు మార్చుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ ఎర్ర దీపం. పావుల్ని వెనక్కి లాక్కుని, గోడ కట్టుకుని, ప్రతి ఎత్తుకీ "డ్రానా? ఆలోచించుకో, ఓడిపోతావేమో" అని సణుగుతూనే ఉన్నాను. మిషనుతో సణగడమేమిటని మీరనొచ్చు. ఎదుట ఉన్నది మిషనని నేనెప్పుడనుకున్నాను?

ఇనప చెయ్యి కాగితం మీదికి వంగింది. పెన్ను చప్పుడు వినబడింది. ఆగింది. నేను కళ్ళు మూసుకున్నాను. పెన్ను మళ్ళీ గీకింది, ఈసారి చాలాసేపు.

కళ్ళు తెరిచేసరికి మంత్రి ఉన్నచోటే ఉంది. వాడు తన రాజుని ఒక గడి వెనక్కి జరుపుకున్నాడు.

అంతే, బతికిపోయాను! అక్కణ్ణుంచి ఒక్కో బంటూ తింటూ, నత్తలా పాక్కుంటూ వెళ్ళి గెలిచాను. చివర్లో మిషను దీపాలన్నీ ఆరిపోయాయి, ఓటమి ఒప్పుకున్నట్టు. నేను కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తాను.

"చూశావా? చూశావా కస్తూరీ? మీ మొనగాడు!"

కస్తూరి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

గెలిచినా సరే నా అలవాటు పోదు కదా. వెంటనే ఆట మళ్ళీ వేసుకుని చూసుకోవాలి. వాడి కాగితం లాక్కున్నాను. పైనుంచి సగం దాకా తేటగా ఉంది, గీత అన్నది లేదు. ఆ తర్వాత నేను డ్రా అడగడం మొదలెట్టిన చోట ఒక అక్షరం వణికింది. దాని కింద ఇంకోటి. దాని కింద మంత్రి ఎత్తు, నన్ను కట్టేసే ఎత్తు, పూర్తిగా రాసి ఉంది. దాని మీద అడ్డంగా రెండు గీతలు. ఎవరూ చదవకుండా పైన ఒక చిక్కు గీత. అచ్చం నేను కొట్టేసినట్టే. పక్కన రాజు వెనక్కి. అక్కణ్ణుంచి కింది దాకా కోడి కెలికినట్టుంది.

"బిందూ, ఇదేంటే?"

అది వచ్చి చూసింది. "కొట్టెయ్యడం వీడికి రాదు నాన్నా. నేను నేర్పలేదు. అమ్మతో ఇన్నాళ్ళు ఆడాడు, ఒక్క గీత లేదు." ఆగి, నా మొహంలోకి చూసింది. "ఎవరితో ఆడితే వాళ్ళ దగ్గర నేర్చుకుంటాడని చెప్పాను కదా."

కస్తూరి లేచి వచ్చింది. నేనే పరీక్ష చేసి నేనే బిగించిచ్చిన కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం మొదటినుంచీ చివరిదాకా చదివింది. చదివి బల్ల మీద పెట్టేసింది. ఫ్లాస్కు సంచీలో వేసుకుంది.

"ఇంక తీసెయ్యవే" అంది. "ఇలాంటాయన నాకు ఇంట్లో ఒకాయన ఉన్నాడుగా."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది, కూరగాయలవాడికి ఇవాళ వద్దులే అని చెప్పినట్టు. నాకు ఏడుపొచ్చేసింది. యాభై దాటిన మనిషిని, కూతురి ముందు. ఇన్నాళ్ళూ ఈ మాట రాకూడదనే కదా నేను ఇంత రభస చేసింది.

బిందు మీట దగ్గర నిలబడింది. "నువ్వు చెప్పాలి నాన్నా. నీ మాట మీదే."

"వీడు మళ్ళీ బాగవుతాడా?" అన్నాను.

"తెలీదు. పాత కాగితాలతో మళ్ళీ కొత్తవాణ్ణి చెయ్యొచ్చు. కానీ రూలు ప్రకారం ముందు వీణ్ణి తీసెయ్యాలి. ఆ వచ్చేవాడికి అమ్మ ఎవరో తెలీదు. వీడే కావాలంటే అమ్మ రోజూ కూర్చుని ఆడాలి. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను. కమిటీ వచ్చేసరికి అవ్వకపోవచ్చు కూడా. ఇంకో సంగతి, నువ్వు ఈ గదిలోకి రాకూడదు."

నేను రాకూడదు. వాళ్ళిద్దరూ తలుపేసుకుని కూర్చోవాలి. రోజూ. మధ్యేమార్గం ఏదైనా ఉందేమోనని చుట్టూ చూశాను. డ్రా అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు.

"తియ్యొద్దు" అన్నాను. "ఆడుకో కస్తూరీ. నేను బయటుంటాను."

అన్న మరుక్షణమే ఆ మాట మింగేద్దామనిపించింది. కస్తూరి సంచీ భుజానికి తగిలించుకోబోతూ ఆగిపోయింది.

"నిజంగానే అంటున్నావా?"

మీరు అనడం మర్చిపోయింది. నేను గుర్తు చెయ్యలేదు. తలూపి, బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, వరండాలో బెంచీ మీద కూర్చున్నాను.

లోపల పావులు సర్దుతున్న చప్పుడు. తర్వాత పెన్ను గీకుడు. ఆగడం. మళ్ళీ గీకుడు. నాకు తెలుసు అదేమిటో, కొట్టేస్తున్నాడు. "ఏంట్రా ఆ గీకుడు? వెయ్యి! ఓడితే ఓడావు, నేను లేనూ ఇక్కడ?" అని కస్తూరి గదమాయిస్తోంది. మళ్ళీ గీకుడు. ఆవిడ విసుక్కోకుండా ఏదో చెబుతోంది, మెల్లగా, నాకు వినబడకుండా. గ్లాసులో టీ పోసిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. ఎండ వరండా దాటి గోడెక్కింది.

ఉన్నట్టుండి బోర్డు మీద టప్ మని ఒక పావు పడింది. బల్ల మీద అరచెయ్యి.

"ఓరి నీ అసాధ్యం కూలా!"

ఆ నవ్వు వరండా చివరిదాకా వినబడింది. నా కడుపు భగ్గుమంది. లేచాను. తలుపు దాకా వెళ్ళాను. గెడ మీద చెయ్యి వేశాను కూడా.

వెనక్కొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళ ఆటలో ఒక్కసారైనా, కొట్టెయ్యాల్సిన ఎత్తే కొట్టేశాను.